ఎడమ సీటు ముందు స్టీరింగు

మా కారు మళ్ళీ మా ఇంటికి రావాలని నేను రొట్టె పట్టుకున్న మాట నిజం. అది ఇలా వస్తుందని మాత్రం అనుకోలేదు. చిన్న ప్లాస్టిక్ పెట్టెలో, అట్ట మీద ఎవరెవరివో ఖరీదైన కార్ల బొమ్మలతో, కొరియర్‌లో వచ్చింది. మా అమ్మాయి అందులోని డిస్కును టీవీ కింద ఉన్న ఆటల మిషన్‌లో పెట్టి, పూటంతా ఇంటర్నెట్‌లోంచి ఏదో దించుకుని, చివరికి "అమ్మా, ఇట్రా, మన కారొచ్చినాది" అని కేకేసింది. దోసెల పిండి అంటిన చేతులతోనే పోయి చూశాను. టీవీలో, తళతళలాడుతున్న నేల మీద, మా నీలం కారు మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది.

"నీ రొట్టె పనిచేసిందమ్మా" అని నవ్వింది అమ్మాయి. నాకు నవ్వు రాలేదు.

నెల్లూరు బయటివాళ్ళకు ఈ రొట్టె సంగతి కొంచెం చెప్పాలి. మొహర్రం నెలలో మా నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, దర్గా ముందర, రొట్టెల పండగ జరుగుతుంది. కోరిక ఉన్నవాళ్ళు చెరువులో దిగి, అదే కోరిక తీరినవాళ్ళ చేతుల మీదుగా రొట్టె తీసుకుని తింటారు. ఉద్యోగం కావాలంటే ఉద్యోగ రొట్టె, పెళ్ళి కావాలంటే పెళ్ళి రొట్టె, ఇల్లు కట్టుకోవాలంటే ఇంటి రొట్టె. కోరిక తీరాక, తర్వాతి పండక్కి ఇంట్లో రొట్టె చేసుకుని తీసుకొచ్చి, అదే కోరికతో నిలబడ్డ మరొకరికి ఇవ్వాలి. అన్ని మతాలవాళ్ళూ వస్తారు. ఎవరి రొట్టె ఎవరు తింటున్నారో ఆ నీళ్ళలో ఎవరూ అడగరు.

మాది ఇందుకూరుపేట మండలంలో, మైపాడు వైపు పోయే రోడ్డు మీది ఊరు. నేను బళ్ళో తెలుగు చెబుతాను. మా ఆయన రొయ్యల గుంటలకు మేత, మందులు అందించే వ్యాపారం చేసేవారు. ఆ పని కోసమే కారు కొన్నారు. కంపెనీ పేరు ఎందుకు లెండి, నీలం రంగు చిన్న కారు. వెనక సీటు నిండా మేత శాంపిళ్ళ సంచులు, నీళ్ళు పరీక్ష చేసే సీసాలు ఉండేవి. తలుపు తీస్తే చాలు రొయ్యల మేత వాసన గుప్పుమనేది. నా చీరలకు కూడా ఆ వాసన పట్టేసి, బళ్ళో తోటి టీచర్లు "మేడమ్ వచ్చేసినట్టున్నారు" అని చూడకుండానే చెప్పేవాళ్ళు.

ముందు ఎడమ సీటు నాది. వీపుకు ఒక చిన్న దిండు కూడా కుట్టి పెట్టుకున్నాను. పొద్దున నన్ను బడి దగ్గర దించి ఆయన తోటపల్లి గూడూరు వైపు గుంటల మీదికి పోయేవారు. సాయంత్రం మళ్ళీ ఎక్కించుకునేవారు. ఆదివారం అయితే నెల్లూరుకో, సముద్రం ఒడ్డుకో. ఆ సీట్లో కూర్చుని నేను ఊరికే కబుర్లు చెబుతూ ఉండేదాన్నని అనుకోవద్దు. నాకూ ఒక ఉద్యోగం ఉండేది.

మా వైపు రోడ్లు తెలిసినవాళ్ళకు ఆ ఉద్యోగం ఏమిటో అర్థమవుతుంది. రోడ్డు సన్నం. అంచులు విరిగిపోయి ఉంటాయి. ఒక పక్క కాలువ, ఒక పక్క రొయ్యల గుంట. కోతల రోజుల్లో రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. ఎదురుగా బస్సు వచ్చిందంటే ఎడమ పక్క చక్రాలు మట్టిలోకి దించాలి. ఆ మట్టి గట్టిదో కాదో, ఎంత చోటు ఉందో, కుడి పక్క కూర్చున్న మనిషికి కనిపించదు. కాబట్టి నేను కిటికీలోంచి తల బయటపెట్టి "దిగొచ్చు", "ఇంకొంచెం రావచ్చు", "వద్దొద్దు, మెత్తగా ఉంది" అని చెప్పాలి. ఎడమ అంచు నాది, కుడి పక్క ఆయనది. అన్నేళ్ళలో మా కారు ఒక్కసారి కూడా కాలువలోకి జారలేదంటే అందులో నా వాటా ఉంది.

అందుకే ఆయన కారు నేర్చుకోమన్నప్పుడల్లా నాకు విసుగొచ్చేది. ఊరి చివరి ఇళ్ళు దాటాక ఒక తిన్నని ముక్క ఉంటుంది. అక్కడికి రాగానే కారు ఆపి, దిగి, చుట్టూ తిరిగి నా తలుపు దగ్గరకు వచ్చి తెరిచేవారు.

"దిగు మే, ఆ పక్కకు పోయి కూర్చో."

"మీరుండంగా నాకెందుకు?"

"నాకు జొరమొస్తే నన్నెవరు తీసకపోతారు ఆసుపత్రికి?"

"మీకు జొరమొస్తే నేను కషాయం పెడతా గాని, ముందు ఎక్కండి, వెనక ట్రాక్టరొస్తుండాది."

ఒకే ఒక్కసారి ఆ పక్కకు పోయి కూర్చున్నాను. కారు ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. అక్కడే గేదెలు మేపుకుంటున్న ముసలాయన కర్ర పక్కన పెట్టి మరీ నవ్వాడు. సిగ్గుతో, కోపంతో దిగి వచ్చి నా దిండుకు ఆనుకుని కూర్చున్నాను. ఆ తర్వాత ఆయన అడిగితే "సరేలెండి, నేర్చుకుంటా" అనడం మొదలుపెట్టాను. "నాకెందుకు" అంటే ఆయన ఇంకా నాలుగు మాటలు మాట్లాడేవారు. "సరేలెండి" అంటే అక్కడితో ఆగిపోయేది. ఆ కిటుకు కనిపెట్టినందుకు నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇక ఆట సంగతి. మా అమ్మాయికి చిన్నప్పటి నుంచి కారు పందేల ఆటలంటే పిచ్చి. అది వాళ్ళ నాన్న అంటించిన పిచ్చే. తండ్రీకూతుళ్ళు టీవీ ముందు కూర్చుని, ఒళ్ళు కూడా కారుతో పాటు వంచేస్తూ, ఇల్లు పీకి పందిరేసేవాళ్ళు. ఒకరోజు అది ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఏదో విదేశీ కంపెనీ కొత్త పందెం ఆట తయారు చేస్తోందట. అసలు కార్ల కంపెనీల దగ్గర అనుమతి తీసుకుని, నిజం కార్లను లోపలా బయటా కొలతలు తీసుకుని మరీ పెడుతున్నారట. ఆ కార్ల జాబితాలో మా కారు ఉంది.

ఆయన ముఖం చూడాలి ఆ రోజు. గుంటల దగ్గర కనిపించిన రైతుకల్లా చెప్పారు, "మా కారు ఆటలో పెడుతుండారంట" అని. వాళ్ళకు ఏం అర్థమైందో తెలియదు గాని, మేత ధర పెంచుతారేమో అన్నట్టు అనుమానంగా తల ఊపారట. ఆట వేసవికి వస్తుందన్నారు. తర్వాత దసరాకన్నారు. తర్వాత ఇంకో ఏడాదన్నారు. వాయిదా పడినప్పుడల్లా తండ్రీకూతుళ్ళు ఇద్దరూ ఎవరో చుట్టం రాలేదన్నట్టు ముఖాలు వేలాడేసేవాళ్ళు. "ఆడుకునే వయసా మీది?" అని నేను దెప్పితే ఆయన నవ్వి ఊరుకునేవారు. ఆ నవ్వు వెనక ఏముందో నాకు అప్పుడు తెలియదు.

ఆట రాకముందే ఆయన పోయారు.

పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టబోయి, పెట్టలేకపోయారు. చెమటలు పట్టేశాయి. అమ్మాయి అప్పుడు నెల్లూరులో హాస్టల్లో ఉంది. ఇంటి ముందు కారు ఉంది. తాళం గుమ్మం పక్కన మేకుకు వేలాడుతోంది. డీజిలు కూడా ముందు రోజే పోయించారు. నేను ఆటో కోసం మనిషిని పంపి, గుమ్మంలో నిలబడి, ఒకసారి రోడ్డు వైపు, ఒకసారి ఆయన వైపు చూస్తూ ఉన్నాను. ఆ తాళం వైపు కూడా చూశాను. ఆటో వచ్చింది. నెల్లూరు పోయాం. ఆసుపత్రిలో వాళ్ళు చేయగలిగింది చేశారు. ఇంకాస్త ముందు వచ్చి ఉంటే ఏమైనా ఉండేదా అని డాక్టరును నేను అడగలేదు. ఆయనా తనంతట తాను చెప్పలేదు. ఇప్పటికీ ఆ ప్రశ్న నా దగ్గరే ఉంది. దాన్ని అడిగే ధైర్యం నాకు ఇక రాదు.

కారు ఇంటి ముందు అలాగే ఉండిపోయింది. మా ఊళ్ళో ఉప్పుగాలి. నడవని బండిని ఆ గాలి ఊరికే ఉండనివ్వదు. తలుపుల అంచుల్లో తుప్పు మొదలైంది. అమ్మాయి అప్పటికి వాళ్ళ నాన్న దగ్గర కారు నడపడం సగం నేర్చుకుని ఉంది, ఆ సగంతోనే మానేసింది. నాకైతే గుమ్మంలోకి వస్తే అది కనిపించడమే కష్టంగా ఉండేది. ఇద్దరం అనుకునే అమ్మేశాం. బిట్రగుంట రైల్వే కాలనీ నుంచి ఒకాయన వచ్చి కొన్నాడు. అన్నాళ్ళు కదలని కారు, అతను తాళం తిప్పగానే స్టార్టయింది. అది చూసి నాకు కారు మీద కోపం కూడా వచ్చింది. మలుపు తిరిగిపోయాక గుర్తొచ్చింది, ఎడమ సీట్లో నా దిండు ఉండిపోయిందని.

కారు పోయిన తర్వాత మొదలైంది అసలు బాధ. రోడ్డు మీద నీలం రంగు చిన్న కారు కనిపిస్తే చాలు నంబరు చదివేదాన్ని. కావలి పోయే రైలు బిట్రగుంటలో ఆగితే కిటికీ దగ్గరకు జరిగి, స్టేషను బయట ఉన్న బండ్లన్నీ చూసేదాన్ని. ఉండబట్టలేక కారు కొన్న బిట్రగుంట మనిషికి ఫోను చేశాను, తిరిగి ఇస్తారా అని. "ఎప్పుడో అమ్మేసినానమ్మా, ఒంగోలు అవతల ఎవరికో" అన్నాడు. దిండు సంగతి అడగబోయి, సిగ్గేసి, ఫోను పెట్టేశాను.

మా వీధి చివర గాజుల అంగడి పెట్టుకున్న ముస్లిం పెద్దామె ఉంది. ఊరంతా గాజులక్క అంటారు, నేనూ అలాగే అంటాను. ఆమె నా చేతులకు మట్టి గాజులు తొడిగిన రోజులు ఉన్నాయి, ఇప్పుడు అంగడి ముందు నుంచి పోతుంటే లోపలికి పిలిచి ఊరికే కూర్చోబెడుతుంది. ఆమే అంది, "రొట్టె పట్టుకో తల్లీ. మనసులో ఏముందో గట్టిగా అనుకుని తిను." సరేనని ఆమెతోనే పోయాను. కొత్తగా లారీ కొనుక్కున్న ఒకాయన వాహనం రొట్టె ఇస్తుంటే తీసుకుని, నీళ్ళలో నిలబడి, మా కారు మళ్ళీ మా ఇంటికి రావాలని అనుకుని తిన్నాను. ఆయన మళ్ళీ రావాలని అనుకోవడానికి ఏ రొట్టే లేదు కదా. కారయినా వస్తే చాలనుకున్నాను.

ఆ తర్వాత ఏడాది తిరగకుండానే ఆట విడుదలైంది.

అమ్మాయి అప్పటికి నెల్లూరులో ఉద్యోగంలో చేరి, రోజూ బస్సులో పోయి వస్తోంది. ఆట విడుదలైన రోజే తెప్పించుకుంది. ఆ మొదటి సాయంత్రం దాని ముఖం వెలిగిపోయింది. మర్నాటికి వాడిపోయింది. వారం తిరిగేసరికి అది ఆ ఆటను తిట్టని తిట్టు లేదు. ఇదొక్కతే కాదు, దేశదేశాల్లో కొనుక్కున్నవాళ్ళంతా తిట్టిపోస్తున్నారట. నేనూ పక్కన కూర్చుని చూశాను, తిట్టాల్సిందే.

కారు అచ్చం కారులాగే ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. ముందు లైట్లు, తలుపు పిడి, సీటు మీద కుట్టు కూడా అదే. అది చూపించి మనల్ని ఆటలోకి పిలిచి, ఆటలో ఏమీ పెట్టలేదు. ఇంజను చప్పుడు మా ఇంట్లో పాత మిక్సీ చప్పుడు. ఎక్సలేటరు ఎంత నొక్కినా ఒకటే ఊళ. హారను లేదు. హారను లేని కారు మా రోడ్డు మీద మొదటి మలుపు కూడా దాటదు. గోడకు గుద్దినా గీత పడదు. ఎందుకని అడిగితే, తమ కారు నలిగినట్టు చూపిస్తే కార్ల కంపెనీలు ఒప్పుకోవట అని చెప్పింది అమ్మాయి. మా కారు ఎడమ తలుపు మీద గంగపట్నం దగ్గర ఎద్దుల బండి తగిలిన సొట్ట ఉండేది. ఆయన బాగు చేయిస్తానంటే నేనే వద్దన్నాను, ఎంత రద్దీలో ఉన్నా మన కారు ఏదో ఆ సొట్టను బట్టి తెలిసిపోయేది. టీవీలో తిరుగుతున్న ఆ నున్నటి తలుపును చూస్తే నాకు ఎవరి కారో అన్నట్టే ఉంది.

కరెంటు ఉన్నా నెట్ లేకపోతే ఆ కారు కదలదు. మా ఊళ్ళో నెట్ సంగతి చెప్పనక్కర్లేదు. రోడ్ల మీద మనుషులు లేరు, గేదెలు లేవు, వడ్లు లేవు, ఆగి టీ తాగే అంగడి లేదు. అన్నిటికంటే నన్ను మండించింది ఇంకొకటి. ఆ ఆటలో మా కారు అన్నిట్లోకి చిన్నది, కొత్తగా చేరినవాళ్ళకు ఊరికే ఇచ్చేది. కాసిని పందేలు గెలవగానే తెర మీద ఒక మాట వస్తుంది, దీన్ని అమ్మేసి పెద్ద కారు కొనుక్కోమని. వద్దని నొక్కితే మళ్ళీ వస్తుంది.

"ఇదేందే, మళ్ళీ అమ్మమంటది?" అన్నాను.

"నేనమ్మన్లేమ్మా" అంది అమ్మాయి. మెల్లిగా అంది. అమ్మకుండా ఆ చిన్న కారుతోనే పెద్ద కార్ల పందేల్లోకి పోయి, ప్రతిసారీ అందరికంటే వెనక వస్తూ ఉండేది.

అయితే దానికి అన్నిటికంటే కోపం తెప్పించినది ఒకటుంది. ఆట వాళ్ళు పెట్టింది మన దేశంలో అమ్మే కారును కాదు, విదేశాల్లో అమ్మే కారును. అందుకని స్టీరింగు ఎడమ పక్క ఉంది. కారు లోపల కూర్చుని నడుపుతున్నట్టు కనిపించే చూపు పెట్టుకున్న రోజు అమ్మాయి గట్టిగా అరిచింది, "చూడమ్మా, ఇన్నేళ్ళు ఆపి ఆపి, ఇది మన కారే కాదు! నాన్న సీటు ముందర ఏం లేదు!"

నేను తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి చూశాను. ఎడమ సీటు. నా సీటు. అక్కడి నుంచి కనిపించే అద్దం, అద్దం కింద గాలి వచ్చే చిల్లులు, తలుపు మూల, అన్నీ నాకు తెలిసినవే. అన్నేళ్ళూ నేను ఆ చోటు నుంచే రోడ్డు చూశాను. ఇప్పుడు నా చోటు ముందర స్టీరింగు ఉంది.

"ఇటియ్యి" అన్నాను.

అమ్మాయి వింతగా చూసి కంట్రోలర్ నా చేతిలో పెట్టింది. ఏ మీట నొక్కితే పోతుందో, ఏది నొక్కితే ఆగుతుందో చూపించింది. మిగిలిన కార్లన్నీ ఒక్కసారిగా దూసుకుపోయాయి. నేను మెల్లగా, మైపాడు రోడ్డు మీద పోయినట్టు, పోయాను. ఎడమ అంచు చూసుకుంటూ పోయాను. ఎడమ పక్క ఒక్క చక్రం కూడా కింద పడనివ్వలేదు. అయినా కారు టకటకమని గోడకు కొట్టుకుంటూనే ఉంది. ఎందుకో అర్థం కాలేదు.

"అమ్మా, కుడి పక్క గోడకు రాసకపోతుండావు. కుడి పక్క చూసుకో."

కుడి పక్క ఎప్పుడూ ఆయన చూసుకునేవారు. నాకు ఆ పక్క ఒకటి ఉంటుందని, దాన్ని కూడా చూసుకోవాలని తట్టనే లేదు.

"ఇంగో మీటుంది, అది తిప్పితే పక్కకు చూడొచ్చు" అంది అమ్మాయి. తిప్పాను. చూపు కుడి వైపుకు తిరిగింది. ఖాళీ సీటు. బెల్టు దాని పాటికి అది వేలాడుతోంది. కుట్లు మాత్రం చక్కగా, ఒక్కొక్కటిగా కనిపిస్తున్నాయి. అంత శ్రద్ధగా ఆ కుట్లు వేసినవాళ్ళ మీద నాకు పట్టలేని కోపం వచ్చింది. అంతలో కారు మళ్ళీ గోడకు తగిలి అడ్డం తిరిగింది. తప్పు దారిలో పోతున్నావని ఎర్రటి అక్షరాలు వచ్చాయి, తర్వాత సమయం అయిపోయిందని పందెంలోంచి తీసేశారు. కంట్రోలర్ కింద పెట్టి ఏడ్చాను. ఆయన పోయినప్పుడు కూడా అమ్మాయి ముందర అంత ఏడవలేదు.

అది నా పక్కన కూర్చుంది. రిమోటు తీసుకుని టీవీ ఆపేసింది. తర్వాత చెప్పింది.

"ఈ ఆట నాకోసమే కావాలన్నాడనుకుంటుండావా నాన్న? నీకోసం. నీకు చెప్పొద్దన్నాడు, చెప్తే టీవీ దగ్గరికి గూడా రావన్నాడు. 'మీయమ్మకు రోడ్డంటే బయం. దీంట్లో అయితే గేదె అడ్డమొచ్చినా గేదెకేం గాదు, మీయమ్మకేం గాదు. నవ్వేవాళ్ళు గూడా ఉండరు. మన కారే గాబట్టి చెయ్యి అలవాటైపోద్ది, తర్వాత నేను మెల్లిగా రోడ్డు మీదికి తెస్తా' అన్నాడు. వాయిదా పడినప్పుడల్లా నాకంటే ఆయనే ఎక్కువ తిట్టుకునేవాడు."

ఆడుకునే వయసా మీది అని ఎన్నిసార్లు దెప్పానో లెక్కలేదు. ఆ మనిషి నవ్వి ఊరుకున్నారు. ఆ గేదెల ముసలాయన నవ్విన నవ్వు నాకు ఎంత గుచ్చుకుందో కూడా ఆయనకు తెలుసు. తెలిసి, నన్ను ఏమీ అనకుండా, నవ్వేవాళ్ళు లేని రోడ్డు ఎక్కడైనా దొరుకుతుందేమో అని చూస్తూ కూర్చున్నారు. ఆ రోడ్డు వచ్చేసరికి ఆయన లేరు. వచ్చిన రోడ్డు కూడా పనికిరానిది. మెల్లగా పోనివ్వని రోడ్డు మీద ఎవరు మాత్రం ఏం నేర్చుకుంటారు? ఆయన ఉండి ఉంటే ఒక్క పూటలో సంగతి కనిపెట్టి, "ఈ దరిద్రపు ఆట పనికిరాదు గాని, పద మే, నిజం రోడ్డు మీదికే పోదాం" అని ఉండేవారు. నేను ఏమని ఉండేదాన్నో కూడా నాకు తెలుసు. సరేలెండి అని ఉండేదాన్ని.

తర్వాత కూడా ఆదివారాలు కూర్చున్నాను. బాగుపడింది ఏమీ లేదు. ఎడమ అంచు బ్రహ్మాండంగా కాపాడతాను, కుడి పక్క గోడకు రాస్తాను. కారు మీద గీత కూడా పడదు. పడితే బాగుండునని నాకు అనిపిస్తుంది. నెల్లూరులో డ్రైవింగ్ స్కూలు ఉంది పోదాం రమ్మంటోంది అమ్మాయి. తాను కూడా మిగిలిన సగం నేర్చుకుంటుందట. చూద్దాంలే అన్నాను. ఎక్కడికి పోవాలి ఇప్పుడు నేను? ఎవరిని తీసుకుపోవాలి?

మళ్ళీ రొట్టెల పండగ వచ్చింది. గాజులక్క అడిగింది, "నీ కోరిక తీరిందా తల్లీ?" అని. తీరలేదన్నాను. పక్కనే ఉన్న అమ్మాయి ఊరుకోలేక టీవీలో కారు సంగతంతా చెప్పింది. పెద్దామె గాజుల పెట్టె మూత వేసి ఆలోచించింది.

"ఏమని అడిగినావు?"

"మా కారు మా ఇంటికి రావాలని."

"వచ్చిందా?"

"టీవీలో వస్తే వచ్చినట్టా అక్కా?"

"నువ్వు అడిగింది వచ్చింది. నువ్వు అడగంది రాలా. అడగందానికి రొట్టె ఆపకూడదు" అంది. ఆమె కోపంగా అనలేదు, గాజు పగిలితే జాగ్రత్తమ్మా అన్నంత మామూలుగా అంది. వచ్చింది కారు. అందులోంచి దిగి, చుట్టూ తిరిగి నా తలుపు తెరిచే మనిషిని నేను రొట్టెలో అడగలేదు.

రొట్టె చేసుకుని, గుడ్డలో చుట్టుకుని, అమ్మాయితో పాటు చెరువుకు పోయాను. ఎండ మాడ్చేస్తోంది. తల మీద కొంగు కప్పుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, వాహనం రొట్టె, వాహనం రొట్టె అని నాకే వినిపించనంత మెల్లగా అన్నాను. ఒక పడుచు పిల్ల జనాన్ని తోసుకుంటూ వచ్చింది. వెనకే మొగుడు, రెండు జతల చెప్పులూ చేత్తో పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. తోటపల్లి గూడూరు వైపు వాళ్ళట.

"ఇయ్యక్కా, నాకియ్యి. ఈయన ఊరోళ్ళ కార్లన్నీ తోలతాడు. మాకంటూ చిన్నదొకటి ఉంటే చాలు."

"నీకొచ్చునా తోలేది?" అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు, నోటికి వచ్చేసింది.

ఆ పిల్ల వెనక్కి తిరిగి మొగుణ్ణి చూసి సిగ్గుగా నవ్వింది. "ఈయన ఉండంగా నాకెందుకక్కా?"

చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"అయితే ఇయ్యను పో. నేర్చుకుంటానంటేనే ఇస్తా."

"అట్ట చెప్పక్కా" అన్నాడు మొగుడు. "నేను ఎన్నిసార్లు చెప్పినానో, ఇనదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ పిల్ల చెయ్యి చాపుకునే ఉంది. "సరేలే అక్కా, నేర్చుకుంటా" అంది.

ఆ సరేలే నాకు బాగా తెలిసినదే. ఆమెను అక్కడే నిలబెట్టి, మేకుకు వేలాడుతున్న తాళం సంగతి, ఆటో కోసం గుమ్మంలో నిలబడ్డ సంగతి చెప్పాలనిపించింది. పండగపూట, పక్కన మొగుడు నవ్వుతూ నిలబడి ఉంటే, ఎలా చెబుతాను? రొట్టె ఆమె చేతిలో పెట్టాను. ఆమె కళ్ళకద్దుకుని, సగం తుంచి మొగుడికి ఇచ్చి, మిగిలిన సగం తాను తింది.